భోజనాల వేళ మెస్సులో మనుషుల బొమ్మలు వేయడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో, పీజీ హాస్టళ్ల మధ్య ఒక సందులో ఆంధ్రా మెస్సు ఉంది. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే తినేవాళ్ల కుర్చీల వెనకే, తర్వాత తినబోయేవాళ్లు నిలబడి ఉంటారు. ఒంగోలు నుంచి నేను ఈ ఊరికి వచ్చి 14 ఏళ్లయింది. అందులో ఆరేళ్లుగా దాదాపు ప్రతి శనివారం ఆ మెస్సులో నీటిరంగులతో మనుషుల బొమ్మలు వేస్తున్నాను. ఫొటో తీసుకుని ఇంటికి వెళ్లి వేయను. మనిషి ఎదురుగా ఉండగానే మొదలుపెట్టి అక్కడే ముగిస్తాను. అంత రద్దీలో, ఎవరూ కుదురుగా ఉండని చోట అదెలా సాధ్యమని చాలామంది అడుగుతుంటారు. నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఏటా జనవరిలో చిత్రకళా పరిషత్తు కుమారకృపా రోడ్డులో జరిపే చిత్రసంతకు వెళ్తే, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కాసేపట్లో ముఖం గీసి ఇచ్చే చిత్రకారులు వరసగా కనిపిస్తారు. వాళ్ల దగ్గర నిలబడి చూడండి, చేతి పనితనం తెలుస్తుంది. కానీ అక్కడ మనిషి బొమ్మ కోసం కూర్చుంటాడు. మెస్సుకు వచ్చేవాడు ఆకలితో వస్తాడు, అన్నం కోసం కూర్చుంటాడు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తల గీయబోతారు, తల వంగిపోతుంది. చెరిపి వంగిన తల గీస్తారు, ఈలోగా అది పక్కకు తిరుగుతుంది. అరగంటకు కాగితం నల్లబడుతుంది, మనసు విరుగుతుంది.

అలా కాకుండా ఉండాలంటే మొదటి పది నిమిషాలు పెన్సిలు బయటికి తీయకండి. ఒక్క మనిషి చేతినే చూడండి. కందిపొడిలో నెయ్యి వేసుకుని కలుపుతున్నప్పుడు వేళ్లు విచ్చుకుని ఆకు మీద పరుచుకుంటాయి. ముద్ద కట్టేటప్పుడు నాలుగు వేళ్లూ దగ్గరికి చేరి దొన్నెలా వంగుతాయి, బొటనవేలు పైనుంచి నొక్కుతుంది. చేయి లేస్తుంది. అయితే నోటి దాకా చేయి ఒక్కటే వెళ్లదు. తల కూడా కిందికి దిగి సగం దారిలో దానికి ఎదురొస్తుంది. ఆ క్షణంలో మెడ వెనక ఎముక పైకి తేలుతుంది, చొక్కా కాలరు వదులవుతుంది. బొటనవేలు ముద్దను లోపలికి తోస్తుంది. ఆ తర్వాత తల లేచి, నమిలినంతసేపు గోడ మీది టీవీ వైపు చూస్తుంది. మళ్లీ వంగుతుంది.

తినే మనిషి ఎటూ పోడు. పది, పదిహేను సెకన్లకొకసారి అదే వంపులోకి తిరిగి వస్తాడు. పప్పన్నం నుంచి పెరుగన్నం దాకా 15 నిమిషాలు తింటే, మీరు ఎంచుకున్న భంగిమ కనీసం 60 సార్లు మీ కళ్ల ముందుకు వస్తుంది. ఒక్కోసారి ఒక్క గీత పెట్టినా 60 గీతలు. ఒక మనిషి బొమ్మకు అన్ని అక్కర్లేదు కూడా. కాబట్టి కదలికను తరమకండి. తిరిగి వచ్చే భంగిమ ఒకటి ఎంచుకోండి, అది వచ్చేదాకా ఆగండి, వచ్చినప్పుడు ఒకే ఒక్క గీత పెట్టండి. మెడ నుంచి వీపు మీదుగా నడుము దాకా పోయే వంపు మొదటి గీత. మోచేయి ఎక్కడుంది, బల్ల మీదా గాల్లోనా, అది రెండోది. ముఖానికి చాలా సమయం ఉంది.

ఆ మనిషి తల ఎత్తి టీవీ చూస్తున్నంతసేపు ఖాళీగా ఉండనక్కర్లేదు. నేను ఒకే కాగితం మీద ముగ్గురు నలుగురిని తెరిచి ఉంచుతాను. ఇతను తల ఎత్తితే పక్కన వంగినవాడి దగ్గరికి, అతను నీళ్లు తాగుతుంటే మూడో ఆవిడ దగ్గరికి పోతాను. అలా తిరుగుతూ ఉంటే పది నిమిషాల్లో బల్ల మొత్తం నిండుతుంది. మధ్యలో ఒకరు లేచిపోతే బాధపడకండి. ఆ కుర్చీలో వెంటనే ఇంకొకరు కూర్చుంటారు, ఆకు పడుతుంది, ఆ వంపే మళ్లీ వస్తుంది. నా బొమ్మల్లో చాలామందికి భుజాలు ఒకరివి, చేతులు ఇంకొకరివి. అందులో మోసం ఏమీ లేదు, ఆ బల్ల దగ్గర నిజంగా జరిగిందే అది.

మనుషులను కాగితం మీద ఎక్కడ పెట్టాలన్నది చాలామందిని తికమక పెడుతుంది కానీ, సూత్రం తేలిక. మీరు కూర్చుని గీస్తున్నారు కాబట్టి మీ కంటి ఎత్తూ, కూర్చుని ఉన్న అందరి కంటి ఎత్తూ దాదాపు ఒకటే. కాగితానికి అడ్డంగా సన్నటి గీత గీయండి. నిటారుగా కూర్చున్న ప్రతివాళ్ల కళ్లూ, దగ్గర బల్లవైనా దూరపు మూలవైనా, ఆ గీత మీదే పడతాయి. దూరం వెళ్లేకొద్దీ తల చిన్నదవుతుందే తప్ప కళ్లు కిందికి దిగవు. నిలబడి వడ్డించేవాళ్లకు ఆ గీత గుండెల దగ్గరికి వస్తుంది. ఇక బల్ల అంచు నుంచి నడినెత్తి దాకా, నిటారుగా కూర్చుంటే సుమారు రెండున్నర తలల ఎత్తు. ముద్ద కోసం వంగితే రెండే. ఈ తేడా పట్టుకోకపోతే అందరూ తినడం మాని పరీక్ష రాస్తున్నట్టు కనిపిస్తారు.

అలవాటయ్యేదాకా మొదటి నెల క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లనే వేయండి. వాళ్లు కదలరు, వాళ్ల చుట్టూ ఊరంతా కదులుతుంది. తర్వాత ఫోను చూస్తూ తినేవాళ్లు. నీళ్ల గ్లాసుకు ఫోను ఆనించి చూసుకుంటూ తినే కుర్రవాడు నిమిషాల తరబడి బొమ్మలా ఉంటాడు. ఆ తర్వాత చేతులు కడుక్కునే చోట నిలబడ్డవాళ్లు. ఎంగిలి చేతిని ఒంటికి తగలకుండా కాస్త ఎత్తి పట్టుకుని, ఎడమచేత్తో జేబులో ఫోను తడుముకునే ఆ నిలబడటం ఇంకెక్కడా దొరకదు. వడ్డించేవాళ్లను చివరికి ఉంచుకోండి. అన్నిటికన్నా కష్టం వాళ్లే, నాకు అన్నిటికన్నా ఇష్టం కూడా వాళ్లే.

సామాను చేతిసంచిలో పట్టేంతే ఉండాలి. ఒక అట్టకు క్లిప్పుతో బిగించిన ఏ5 కాగితాలు రెండు, మందమైనవి, 300 జీఎస్‌ఎంవి. పుస్తకం కన్నా విడికాగితాలే మేలు. వానాకాలంలో, అన్నం ఆవిరి నిండిన గదిలో, పూత ఆరడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఒకటి ఆరేలోగా రెండోది అందుకోవచ్చు. 2బి పెన్సిలు, మొన బాగా ఉన్న గుండ్రటి కుంచె ఒక్కటి, 8వ నంబరు. పాత గుడ్డముక్క. రంగు బిళ్లలు ఐదు: అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, క్రిమ్సన్ ఎరుపు, శాప్ గ్రీన్ అనే ఆకుపచ్చ. నీళ్లు మాత్రం మీ సీసాలో, మీ మూతలోనే ఉండాలి. మెస్సు గ్లాసులో కుంచె ముంచకండి. రంగుల్లో ఒంటికి పడనివి ఉంటాయి, ఆ గ్లాసుతో ఇంకొకరు మంచినీళ్లు తాగుతారు. దీనికి మినహాయింపు లేదు.

మన చర్మానికి విడిగా రంగు బిళ్ల కొనకండి. బర్న్ట్ సియెన్నాలో ఒక్క చుక్క క్రిమ్సన్ కలిపితే మన ఎండకు కాగిన రంగు వస్తుంది. ఛాయ తక్కువవాళ్లకు నీలం కొంచెం కలపండి, నలుపు మాత్రం కలపకండి. నలుపు కలిపితే చర్మం బూడిద పూసినట్టు చచ్చిపోతుంది. మెస్సుల్లో లైటు పైకప్పు నుంచి పడుతుంది కాబట్టి కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద మూడు నీడలు పడతాయి. వంగిన తలలో సగం జుట్టే, ముక్కు కొన నోటిని దాదాపు కప్పేస్తుంది. ఆ మూడు నీడలూ సరైన చోట పడితే కళ్లూ పెదాలూ గీయకుండానే మనిషిని తెలిసినవాళ్లు గుర్తుపడతారు.

ఒక్కటి దగ్గరగా చూడండి. ఆకు మీదికి బాగా వంగి తింటున్నవాళ్ల గడ్డం కింద నీడలో సన్నటి ఆకుపచ్చ ఉంటుంది. పైనుంచి పడ్డ వెలుగు అరిటాకును తాకి, ఆకు రంగు పూసుకుని ముఖం మీదికి తిరిగి వస్తుంది. నేను మూడేళ్లు చూసినా పట్టుకోలేకపోయాను. ఒకరోజు తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన కాలరు లోపలివైపు ఆ పచ్చదనం కనిపించింది. అప్పటి నుంచి గడ్డం నీడలో శాప్ గ్రీన్ ఒక్క తాకిడి తాకిస్తున్నాను, మనిషి ఆకు ముందు కూర్చున్నట్టు అవుతుంది. ఆకుకు మాత్రం శాప్ గ్రీన్ నేరుగా వాడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది, కాస్త బర్న్ట్ సియెన్నా కలిపి పచ్చిదనం తగ్గించండి. నడి ఈనెను కాగితం రంగులోనే వదిలేయండి. స్టీలు గ్లాసులూ అంతే. వాటికి బూడిదరంగు పూయకండి, తెల్లగా వదిలి పక్కన చీకటి పెట్టండి. స్టీలు దానంతటదే మెరుస్తుంది.

వీటన్నిటికన్నా ముందు జరగాల్సిన పని అనుమతి అడగడం. మొదటి ఏడాది వేరే ఒక పెద్ద హోటల్లో అడగకుండా మొదలుపెట్టాను. పక్క బల్ల కుటుంబానికి ఇబ్బందిగా అనిపించింది, మేనేజరు వచ్చి పుస్తకం మూసేయమన్నారు. ఆయన చేసింది న్యాయమే. మన పక్కన ఎవరో తమను చూసి గీస్తున్నారంటే, తినే ముద్ద గొంతు దిగదు. అందుకే మెస్సు బాబాయ్ గారి దగ్గరికి రద్దీ లేని మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పాత బొమ్మలు చూపించి అడిగాను. "కుర్చీ ఆపకుండా ఉంటే మాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ దాటలేదు. ఎవరైనా నా వైపు రెండోసారి చూస్తే అట్ట తిప్పి చూపిస్తాను. వద్దంటే ఆ బొమ్మను వాళ్ల ముందే ఆపేస్తాను. పిల్లలను తల్లిదండ్రులను అడగకుండా గీయను. పోలికలు బాగా కుదిరిన ముఖాలను ఇంటర్నెట్‌లో పెట్టను.

కుర్చీ ఆపకూడదు, కుడిచేత్తోనే తినాలి, కుడిచేత్తోనే గీయాలి. ఈ మూడూ కుదరాలంటే వేళ ముఖ్యం. పదకొండు ముప్పావుకు వెళ్లి ముందు భోజనం చేసేస్తాను, డబ్బు కట్టేస్తాను. అప్పటికి సగం బల్లలు ఖాళీ. తింటూనే వెలుగు ఎటు నుంచి వస్తోందో, ఏ బల్ల బొమ్మకు బాగుంటుందో చూసుకుంటాను. పన్నెండుంబావుకు లేచి, క్యాష్ కౌంటర్ పక్కన గోడకు ఆనించిన స్టూలు మీదికి మారతాను. వెనక గోడ ఉంటే భుజం మీదుగా తొంగిచూసేవాళ్లు ఉండరు. ఒంటిగంటన్నర దాకా అక్కడే.

వేరే చోట్లు ప్రయత్నిస్తామంటే, గాంధీబజార్లో 1943లో మొదలైన విద్యార్థి భవన్‌కు ఒకసారి వెళ్లండి. గోడల మీద కన్నడ రచయితల పెన్సిలు చిత్రాలు ఉంటాయి. చేతి పొడవునా దోసె ప్లేట్లు పేర్చుకుని పంచెకట్టులో వచ్చే సర్వర్ల నడక చూసి తీరాలి. కానీ అక్కడ ఎప్పుడూ జనం ఎదురుచూస్తుంటారు, కాబట్టి చూసి గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి గీయండి. నిలబడి తినే దర్శినులు మొదట్లో వద్దు, ఐదు నిమిషాల్లో మనిషి వెళ్లిపోతాడు.

బొమ్మ అయ్యాక ఇంటికి తెచ్చి ముఖాలు దిద్దకండి. ఎక్కడైనా నీడ పలచబడితే ఒక పూత ఎక్కువ వేయండి, అంతే. ఆ పూటే, అక్కడివాళ్లకు చూపించండి. పోయిన నెల రసం బకెట్టుతో నడిచే తమ్ముడి బొమ్మ వేసి చూపించాను. నెల్లూరు వైపు కుర్రవాడు. కాసేపు చూసి, "బాగుందక్కా, కానీ ఇది ఖాళీ బకెట్టు" అన్నాడు. ఎందుకని అడిగితే పక్కనున్న నిండు బకెట్టు ఎత్తి చూపించాడు. బరువు ఉన్న వైపు భుజం కిందికి లాగుతోంది, రెండో భుజం చెవి దగ్గరికి లేచింది, నడుము బకెట్టుకు ఎదురు దిక్కుకు ఒరిగింది, గరిటె పట్టిన చేయి ఒంటికి దూరంగా జరిగింది. నేను గీసిన మనిషి రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కాగితం అంచున అక్కడికక్కడే పెన్సిలుతో ఆ ఒరుగు గీసుకున్నాను. ఆ తర్వాత అతను నిండు బకెట్టుతో నా స్టూలు ముందు నుంచి రెండుసార్లు వెళ్లాడు. రెండోసారి కావాలనే నెమ్మదిగా నడిచాడు.