ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్‌గా స్థిరపడటం ఎలా?

ఒక సంస్థ మార్కెట్ నుంచి మూలధనం సమీకరించుకోవాలన్నా, మరో సంస్థను కొనాలన్నా, తన వ్యాపారంలో ఒక భాగాన్ని అమ్ముకోవాలన్నా, ఆ వ్యవహారాన్ని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి నడిపించే వృత్తి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్. మన దేశంలో పబ్లిక్ ఇష్యూను, అంటే ప్రజలకు షేర్లు అమ్మే ప్రక్రియను, నిర్వహించే సంస్థ షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వద్ద మర్చంట్ బ్యాంకర్‌గా నమోదై ఉండాలి. ఇందుకు సంబంధించిన నిబంధనలు 1992 నుంచి అమలులో ఉన్నాయి. కోటక్ మహీంద్రా క్యాపిటల్, జేఎం ఫైనాన్షియల్, యాక్సిస్ క్యాపిటల్, ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్ వంటి దేశీయ సంస్థలు, మోర్గాన్ స్టాన్లీ, సిటీ, జేపీ మోర్గాన్ వంటి విదేశీ బ్యాంకుల భారతీయ విభాగాలు ఈ రంగంలో ముందు వరసలో కనిపిస్తాయి. ఈ పని చేయాలనుకునే తెలుగు విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ క్రమంలో ముందుకు సాగాలో ఇక్కడ వివరంగా చూద్దాం.

1. ముందుగా ఏ ఉద్యోగం కావాలో తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇది అన్నింటికన్నా ముఖ్యమైన మెట్టు. ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు ఎన్నో ఇక్కడ కార్యాలయాలు నడుపుతున్నాయి. గోల్డ్‌మన్ శాక్స్ కూడా 2021లో నగరంలో అడుగుపెట్టింది. అయితే ఈ కేంద్రాలలో జరిగే పనిలో అధిక భాగం లావాదేవీల సెటిల్‌మెంట్, లెక్కలు సరిపోల్చడం, కేవైసీ పరిశీలన, రిస్క్ లెక్కింపు, సాఫ్ట్‌వేర్ వంటి విభాగాలకు చెందినది. బ్యాంకర్లకు వాల్యుయేషన్ (సంస్థ విలువను లెక్కకట్టే) పట్టికలు, ప్రజెంటేషన్లు తయారుచేసి పంపే బృందాలు కూడా ఉన్నాయి. ఖాతాదారు సంస్థ యజమానుల ఎదుట కూర్చుని ఒప్పందాన్ని కుదిర్చే పని మాత్రం మన దేశంలో ప్రధానంగా ముంబయిలోనే, అందులోనూ బాంద్రా కుర్లా కాంప్లెక్స్ చుట్టుపక్కలే జరుగుతుంది.

ఆపరేషన్స్ ఉద్యోగం గౌరవప్రదమైనదే, అందులో ఎదుగుదల కూడా ఉంది. కానీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కోర్సు అనే పేరుతో ఆపరేషన్స్ శిక్షణ ఇచ్చే సంస్థలు మన దగ్గర తక్కువేమీ కాదు. డీల్స్ చేయాలనే ఆశతో అటువంటి కోర్సుకు డబ్బు కట్టిన విద్యార్థి, ఆర్నెల్ల తరువాత తాను కోరుకున్నది ఇది కాదని తెలుసుకోవడం బాధ కలిగించే విషయం. అందుకే ఫీజు కట్టే ముందు సిలబస్ అడిగి తీసుకోండి. ట్రేడ్ లైఫ్ సైకిల్, సెటిల్‌మెంట్, రికన్సిలియేషన్ అనే పాఠాలు కనిపిస్తే అది ఆపరేషన్స్ కోర్సు. ఫైనాన్షియల్ మోడలింగ్ (సంస్థ రాబోయే లెక్కలను ఎక్సెల్‌లో అంచనా వేయడం), వాల్యుయేషన్, విలీనాలు, ఇష్యూ పత్రాలు కనిపిస్తే అది డీల్స్ వైపు తీసుకెళ్లే కోర్సు. ఉద్యోగ ప్రకటనను కూడా ఇదే పద్ధతిలో చదవాలి. సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సంస్థ సైతం ఈ రెండింటికీ వేర్వేరు పరీక్షలు పెడుతుంది: సిరీస్ 7 సెక్యూరిటీస్ ఆపరేషన్స్‌కు, సిరీస్ 9 మర్చంట్ బ్యాంకింగ్‌కు.

2. అకౌంట్స్‌ను వేళ్ల మీద ఉండేలా నేర్చుకోండి

బీటెక్ చదివినా, బీకాం చదివినా దీన్ని తప్పించుకునే దారి లేదు. లాభనష్టాల ఖాతా, నగదు ప్రవాహ పట్టిక, బ్యాలెన్స్ షీట్ ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో కాగితం, కలం అవసరం లేకుండా చెప్పగలగాలి. ఇంటర్వ్యూలలో తరచుగా అడిగే ఒక ప్రశ్నను చూడండి: తరుగుదల 10 రూపాయలు పెరిగితే మూడు పట్టికలలో ఏం మారుతుంది?

పన్ను రేటు 25 శాతం అనుకుందాం. పన్నుకు ముందు లాభం 10 రూపాయలు తగ్గుతుంది, పన్ను రెండున్నర రూపాయలు తగ్గుతుంది, కనుక నికర లాభం ఏడున్నర రూపాయలు తగ్గుతుంది. నగదు ప్రవాహ పట్టిక ఈ తగ్గిన లాభంతో మొదలవుతుంది; తరుగుదల చేతి నుంచి వెళ్లిన డబ్బు కాదు కనుక 10 రూపాయలు తిరిగి కలుపుతాం; చివరికి నగదు రెండున్నర రూపాయలు పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో నగదు రెండున్నర పెరిగి, స్థిరాస్తులు పది తగ్గి, మొత్తం ఆస్తులు ఏడున్నర తగ్గుతాయి. అటువైపు రిజర్వులు (సంస్థలో కూడబెట్టిన లాభాలు) కూడా అంతే తగ్గుతాయి కనుక లెక్క సరిపోతుంది. జవాబును బట్టీ పట్టినవాడు, ఇదే ప్రశ్నను సరుకు నిల్వలు పెరగడం గురించో అప్పు తీర్చడం గురించో మార్చి అడిగితే ఆగిపోతాడు. అర్థం చేసుకున్నవాడు ఆగడు.

3. ఒక ఇష్యూ పత్రాన్ని పూర్తిగా చదవండి

ఖర్చు లేకుండా దొరికే అత్యుత్తమ పాఠ్యపుస్తకం ఇదే. సంస్థలు సెబీకి సమర్పించే ముసాయిదా పత్రాలు, అంటే డీఆర్‌హెచ్‌పీలు, సెబీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. వందల పేజీలు ఉంటాయి కనుక మొదటిసారి అంతా ఒకేలా చదవనక్కరలేదు. ఇష్యూ ఉద్దేశాలు, ధరకు ఆధారం, రిస్కులు, పరిశ్రమ స్థితి, ఆర్థిక ఫలితాలపై యాజమాన్యం ఇచ్చే విశ్లేషణ అనే భాగాల మీద ఎక్కువ సమయం పెట్టండి.

ఉదాహరణకు హైదరాబాద్‌కు చెందిన గ్లాండ్ ఫార్మా 2020 నవంబరులో ఒక్కో షేరు 1,500 రూపాయల ధరతో దాదాపు 6,480 కోట్ల రూపాయల ఇష్యూ చేసింది. అందులో కొత్తగా జారీ చేసిన షేర్ల విలువ 1,250 కోట్లు. మిగిలినదంతా చైనాకు చెందిన ప్రమోటర్ ఫోసన్ సహా పాత వాటాదారులు తమ షేర్లను అమ్ముకున్న భాగం. అంటే మదుపరులు పెట్టిన సొమ్ములో అయిదో వంతు కన్నా తక్కువే సంస్థ ఖాతాలోకి చేరింది. ఇష్యూ పెద్దదా చిన్నదా అని చూసే ముందు డబ్బు ఎవరి చేతికి వెళుతోందని అడగడం అలవాటైతే, బ్యాంకర్‌లా ఆలోచించడం మొదలైనట్టే.

4. ఎక్సెల్‌లో మీ సొంత మోడల్ తయారుచేయండి

మీకు బాగా తెలిసిన వ్యాపారాన్ని ఎంచుకోండి. దొడ్ల డెయిరీ, హెరిటేజ్ ఫుడ్స్ రెండూ మన ప్రాంతానికి చెందిన లిస్టెడ్ సంస్థలే. వాటి గత అయిదేళ్ల వార్షిక నివేదికలు దించుకుని, అంకెలను మీ చేత్తోనే షీట్‌లోకి ఎక్కించండి. ఆ తరువాత రాబోయే అయిదేళ్లను అంచనా వేయండి. అమ్మకాలు ఏటా పది శాతం పెరుగుతాయని ఒక్క గడిలో రాసి వదిలేస్తే అది మోడల్ కాదు. రోజుకు ఎన్ని లీటర్ల పాలు సేకరిస్తారు, రైతుకు లీటరుకు ఎంత చెల్లిస్తారు, పాలుగా ఎంత అమ్ముతారు, పెరుగు, నెయ్యి వంటి ఎక్కువ మార్జిన్ ఉన్న ఉత్పత్తుల వాటా ఎంత అనే ప్రశ్నల నుంచి అమ్మకాలు, లాభం పుట్టుకురావాలి. ఎండాకాలంలో పాల దిగుబడి తగ్గి సేకరణ ధర పెరిగితే లాభం ఏమవుతుందో మీ షీట్ చెప్పగలగాలి.

చేత్తో ఇచ్చిన అంకెలను నీలం రంగులో, సూత్రాలను నలుపులో రాయడం ఈ వృత్తిలో అందరూ పాటించే పద్ధతి. బ్యాలెన్స్ షీట్ సరిపోకపోతే తేడాను ఎక్కడో ఒక గడిలో వేసి సర్దేయకండి. తప్పు దొరికే దాకా వెతకండి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నంత మరెక్కడా నేర్చుకోలేరు.

మోడల్ పూర్తయ్యాక సంస్థ విలువను రెండు దారుల్లో లెక్కకట్టండి: భవిష్యత్ నగదు ప్రవాహాలను నేటి విలువకు తగ్గించే డీసీఎఫ్ పద్ధతి, హట్సన్, పరాగ్ వంటి సాటి డెయిరీ సంస్థల మార్కెట్ విలువలతో పోల్చే పద్ధతి. ఇక్కడ ఎంటర్‌ప్రైజ్ విలువకు (అప్పులతో సహా మొత్తం వ్యాపారం విలువకు), వాటాదారుల విలువకు ఉన్న తేడాను స్పష్టంగా పట్టుకోవాలి. 2020 అక్టోబరులో అదానీ పోర్ట్స్ కృష్ణపట్నం పోర్టులో 75 శాతం వాటాను కొన్నప్పుడు చెప్పిన 12,000 కోట్ల రూపాయలు ఎంటర్‌ప్రైజ్ విలువ. అప్పులను తీసివేశాక మిగిలేదే వాటాదారులది. నికర అప్పు 6,000 కోట్లని ఊహించుకుంటే, 75 శాతం వాటాకు దక్కేది 9,000 కోట్లు కాదు, 4,500 కోట్లు. పత్రికల శీర్షికల్లో ఈ తేడా తరచూ కనిపించకుండా పోతుంది.

5. మీకు తగిన ప్రవేశమార్గం ఎంచుకోండి

ఎంబీఏ అందరికీ తెలిసిన దారి. అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా ఐఐఎంలు, ముంబయిలోని జమ్నాలాల్ బజాజ్ సంస్థ, హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ వంటి చోట్లకు బ్యాంకులు స్వయంగా వస్తాయి. రెండేళ్ల కోర్సుల్లో వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికలు చేరిన కొద్ది నెలలకే జరిగిపోతాయి, కోర్సు చివర దక్కే ఉద్యోగాలు చాలావరకు ఆ ఇంటర్న్‌షిప్ నుంచే వస్తాయి. కనుక పైన చెప్పిన అకౌంట్స్, ఇష్యూ పత్రం, మోడల్ అనే మూడు మెట్లను కాలేజీలో చేరకముందే పూర్తిచేసుకోవాలి.

కామర్స్ విద్యార్థులకు చార్టర్డ్ అకౌంటెన్సీ బలమైన దారి, నా దృష్టిలో తగినంత గుర్తింపు పొందని దారి కూడా. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఆర్టికల్‌షిప్, అంటే సీఏ వద్ద పనిచేస్తూ పొందే శిక్షణ, రెండేళ్లు. ఆ కాలాన్ని పన్ను రిటర్నుల దాఖలుకే పరిమితం చేసే చోట కాకుండా, డ్యూ డిలిజెన్స్ (కొనే ముందు సంస్థ లెక్కలను క్షుణ్ణంగా పరిశీలించడం), వాల్యుయేషన్ పనులు ఉన్న చోట గడపండి. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీల డీల్ సలహా విభాగాలలో రెండు మూడేళ్లు పనిచేసి, అక్కడి నుంచి బ్యాంకులకు మారినవారు ఎందరో ఉన్నారు. పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత అయిన సీఎఫ్‌ఏ మీ శ్రద్ధకు మంచి సాక్ష్యమే కానీ, దానంతట అదే ఉద్యోగం తెచ్చిపెట్టదు.

మూడోది, పెద్ద పేరు లేని చిన్న సలహా సంస్థ. మందులు, ఆసుపత్రులు, ఆహార పరిశ్రమలలో కుటుంబాలు పెంచిన వ్యాపారాలు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. వాటి వాటాల అమ్మకాలను చూసే చిన్న సంస్థలో, మొదటి ఏడాదిలోనే మీరు ప్రమోటర్‌తో మాట్లాడే గదిలో ఉంటారు. అక్కడ తెలుగు బాగా మాట్లాడగలగడం నిజమైన బలం. ముప్పయ్యేళ్లు కష్టపడి పెంచిన కంపెనీని అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్న పెద్దాయన తన సందేహాలను మాతృభాషలోనే మనసు విప్పి చెబుతాడు.

6. దరఖాస్తును, ఇంటర్వ్యూను సిద్ధం చేసుకోండి

రెజ్యూమే ఒక్క పేజీ దాటకూడదు. కాలేజీ సీనియర్లకు, పరిచయం లేని బ్యాంకర్లకు కూడా నాలుగు వాక్యాల సందేశం పంపవచ్చు. ఉద్యోగం ఇప్పించమని అడిగే బదులు, వారు చేసిన ఒక డీల్ గురించి మీరు చదివి తయారుచేసిన ప్రశ్నను అడగండి. ఇంటర్వ్యూకు ముందు ఇటీవలి డీల్ ఒకటి ఎంచుకుని, కొన్నవారు ఎందుకు కొన్నారో, ధర సబబేనో, మీరైతే ఎలా నడిపేవారో అయిదు నిమిషాలు మాట్లాడగలిగేలా సాధన చేయండి.

7. మొదటి రెండేళ్లలో నమ్మకం సంపాదించండి

అనలిస్ట్‌గా చేరినవారు అసోసియేట్, వైస్ ప్రెసిడెంట్, డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్ అనే మెట్లు ఎక్కుతారు. మొదటి మెట్టు మీద పని గంటలు చాలా ఎక్కువ. అర్ధరాత్రి దాటడం మామూలే. ఆరోగ్యం గురించి, ఇంటి బాధ్యతల గురించి ముందే ఆలోచించుకుని ఇందులోకి రావాలి.

ఇష్యూ పత్రంలో రాసే ప్రతి వాక్యానికీ, ప్రతి అంకెకూ ఆధారపత్రం ఉండాలి. దేశంలోనే అతి పెద్ద దుకాణాల గొలుసు తమదని సంస్థ చెప్పుకుంటే దాన్ని నిరూపించే నివేదిక ఫైలులో ఉండాల్సిందే. ఈ బ్యాకప్‌ను సేకరించి, పేజీ పేజీకీ గుర్తులు పెట్టే పని అనలిస్ట్‌దే. 2023 డిసెంబరు 1 నుంచి ఇష్యూ ముగిసిన మూడు పనిదినాల్లో షేర్లు లిస్ట్ కావడం తప్పనిసరి కనుక, చివరి దశలో తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు.

బయటికి రాని సమాచారం ప్రతిరోజూ మీ చేతుల మీదుగా వెళుతుంది. సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ఆ సమాచారంతో మీరు షేర్లు కొనడమే కాదు, పనికి అవసరం లేనివారికి దాన్ని చెప్పడం కూడా నేరమే. పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు ఏ షేరు కొనమంటావని బాబాయి అడుగుతాడు; ఏ సంస్థ పేరూ ఎత్తకుండా మాట మార్చడం అలవాటు చేసుకోండి. ఫోనులో డీల్ గురించి మాట్లాడేటప్పుడు, లిఫ్టులోనూ విమానంలోనూ కూడా, సంస్థ అసలు పేరుకు బదులు ప్రాజెక్టు కోసం పెట్టుకున్న మారుపేరునే వాడండి.

రెండు మూడేళ్ల అనుభవం తరువాత కొందరు కంపెనీల్లో వాటాలు కొనే ప్రైవేట్ ఈక్విటీ నిధులకు, కొందరు కంపెనీల్లో కొనుగోళ్లు, విలీనాలు చూసే కార్పొరేట్ డెవలప్‌మెంట్ విభాగాలకు మారతారు, మరికొందరు ఇక్కడే ఉండి ఒక పరిశ్రమలో నైపుణ్యం పెంచుకుంటారు. ఏ పరిశ్రమను ఎంచుకోవాలన్నది అప్పటికి మీరు చేసిన డీల్స్‌ను బట్టే తేలుతుంది కాబట్టి, చేరిన మొదటి నెల నుంచే ప్రతి డీల్‌లో మీరు చేసిన పనిని, నేర్చుకున్న విషయాన్ని రహస్య వివరాలు లేకుండా ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉండండి.