రాచకొండకు పోతున్నారా? పొద్దు చూసుకోండి

వానలు వెనకబట్టి, సీతాఫలాలు కళ్లు విచ్చుకునే రోజులు వచ్చాయంటే హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ గ్రూపులకు ఊపు వస్తుంది. అందరూ భువనగిరి కోటకో అనంతగిరికో పోతారు. 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాచకొండ మాత్రం చాలామందికి ఒకప్పటి పోలీస్ కమిషనరేట్ పేరుగానే తెలుసు. యాదాద్రి భువనగిరి జిల్లా నారాయణపూర్ మండలంలో ఉన్న ఈ గుట్టలు 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. ‘రసార్ణవ సుధాకరం’ రాసిన సింగభూపాలుడు ఏలిన చోటు. ఇప్పుడు ఆదివారం కూడా అక్కడ మనుషులకంటే మేకలే ఎక్కువ.

దాని అందం అదే, ప్రమాదమూ అదే. టికెట్ కౌంటర్ లేదు కాబట్టి లోపలికి ఎందరు పోయారో, ఎందరు తిరిగొచ్చారో లెక్కపెట్టేవాళ్లు లేరు. పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. దారి తప్పితే వెనక వచ్చే గుంపు ఉండదు. ఎత్తు చూసి భయపడాల్సిన కొండ కాదది, మామూలుగా నడిచే అలవాటున్నవాళ్లు ఎక్కేస్తారు. తిప్పలన్నీ దిగేటప్పుడే.

మొదటిసారి ముగ్గురం పోయాం. పదకొండింటికి తీరిగ్గా ఎక్కడం మొదలుపెట్టి, పైన పులిహోర తిని, ఫొటోలు దిగి, నాలుగున్నరకు లేచాం. ఎక్కినప్పుడు ఎడమ పక్కన చూసిన గుండు, దిగేటప్పుడు కుడి పక్కన ఉండాలి కదా! అలాంటి గుండ్లు పది కనిపించాయి. రెండు బండల మధ్య సందులో దారి ఉందనుకుని దిగితే చివర నిలువెత్తు గోతిలోకి తేలింది. ముగ్గురి దగ్గర ఉన్నది ఒక్క ఫోన్ టార్చి, అందులో ఛార్జింగ్ తొమ్మిది శాతం. మా మాటలు విని మేకలు కాసుకునే పెద్దాయన కింది నుంచి కేకేశాడు. ముందు నడిచి దారి చూపిస్తూ, “పొద్దు గూకకముందే దిగాలె సారూ. గుట్టకు రాత్రి దారి ఉండదు” అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పోయినా నా లెక్క ఒకటే: తెల్లారి ఆరున్నరకల్లా కొండ కింద ఉండాలి, పైకి చేరినా చేరకపోయినా మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలి. అక్టోబర్ సగానికి వచ్చేసరికి ఆరు కొట్టకముందే సూర్యుడు వాలిపోతాడు, గుండ్ల మధ్య అంతకుముందే మసకబారుతుంది. ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఒక్కసారి వెనక్కి తిరిగి ఫొటో తీసుకోండి. దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ దృశ్యమే. మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, బండల మధ్య సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. తలకు కట్టుకునే టార్చి మనిషికి ఒకటి ఉండాలి, పగలే వస్తాం అనుకున్నా సరే.

ఇక బండల సంగతి. వాన వెలిసిన మర్నాడు గ్రానైట్ ఆరిపోయినట్టే ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అది నీళ్లు కారే దారి, అక్కడ నాచు పట్టి ఉంటుంది. ఎండినప్పుడు కాలికి గరుకుగా తగులుతుంది, తడి తగిలితే సబ్బే. ఆ చార మీద అడుగు వేయకుండా పక్కనున్న తెల్లటి బండ మీద నడవండి. వాలు ఎక్కువగా ఉన్నచోట పరువు చూసుకోకుండా కూర్చుని దిగండి. ప్యాంటు పోతే పోయింది. అరిగిపోయిన స్పోర్ట్స్ షూ కంటే లోతైన గాడులున్న మామూలు బూటు నయం.

గోడలు ఎక్కవద్దు. రాచకొండ గోడల్లో చాలాచోట్ల సున్నం, గచ్చు లేవు. పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టారు. ఇన్ని వందల ఏళ్లు నిలిచింది కదా అని సెల్ఫీ కోసం ఒక రాయి మీద బరువు వేస్తే, అదే రాయి సందులో మొలిచిన చెట్టు వేరు వల్ల ఎప్పుడో కదిలి ఉండొచ్చు. పాత కోటల్లో ఇంకో బెడద గుప్తనిధుల గుంతలు. ఎవరో రాత్రిపూట తవ్వి పూడ్చకుండా పోతారు. వానాకాలం దాటేసరికి నడుమెత్తు గడ్డి పెరిగి గొయ్యి మూసుకుపోతుంది. గుడి దగ్గర, మండపాల దగ్గర చేతికర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి. ఆ కర్ర చప్పుడుకు పాములు కూడా తప్పుకుంటాయి.

పాముల గురించి వణికిపోవాల్సిన పని లేదు, తెలుసుకుంటే చాలు. పొదలో సీతాఫలం కనిపించగానే చెయ్యి పెట్టేస్తాం. రక్తపింజర అలాంటి నీడలోనే ఆకుల మధ్య కదలకుండా పడుకుంటుంది. దగ్గరకు వెళితే కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. చిన్న పింజర రాళ్ల కింద ఉంటుంది, కాబట్టి రాయి ఎత్తేముందు కర్రతో దొర్లించండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం ఏదీ చేయవద్దు. ఉంగరాలు, వాచీ తీసేయండి. ఎముక విరిగినవాడికి కట్టినట్టు బద్ద పెట్టి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా చూడండి. మనిషిని నడిపించకుండా మోసుకుని దిగండి, ఒకరు ముందే 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో అడగాలి. అంబులెన్స్ గుట్ట మీదికి రాదు, రోడ్డు దాకా మోయాల్సింది మీరే. అందుకే నలుగురికి తక్కువైతే పోవద్దంటాను. పామును వెతికి చంపి తీసుకుపోవడానికి టైం వృథా చేయకండి. మన దగ్గర వాడే ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు నాలుగింటికీ పనిచేస్తుంది.

నిజానికి పాముకంటే నాకు తేనెటీగలంటేనే టెన్షన్. పెద్ద గుండ్ల కింది వాలుకు నల్లటి చాపలా వేలాడుతుంటాయి. ఆ పట్టును ఇక్కడివాళ్లు పెర అంటారు. దాని కింద పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు, డ్రోన్ అస్సలు ఎగరేయొద్దు. సెంటు కొట్టుకుని రావద్దు. లేచాయంటే నిలబడి చేతులు విసరకుండా, ముఖానికి గుడ్డ కప్పుకుని వీలైనంత దూరం పోండి, కాకపోతే అంచు చూసుకుని. కుట్టినచోట ముల్లు ఉంటే గోటితో గీకి వెంటనే తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా అది ఆసుపత్రి కేసు.

అక్టోబర్‌లో మధ్యాహ్నం మబ్బు పడితే ఉరుము వినడానికి ఆగకుండా దిగండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు కిలోమీటరు. ముప్పై లోపు వినిపించిందంటే పిడుగు మీ మీద పడే దూరంలోనే ఉంది. రాతి మండపంలోకి దూరితే తడవకుండా ఉంటారు గానీ పిడుగు నుంచి అది కాపాడదు. గుండు కింది గుహా అంతే. శిఖరం మీద నుంచి, ఒంటరి చెట్ల నుంచి దూరం జరిగి, వీలైతే కారులోకి చేరి అద్దాలు ఎత్తుకోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ‘దామిని’ యాప్ ఫోన్లో ఉంటే మీ చుట్టుపక్కల పడే పిడుగులు చూపిస్తుంది, సిగ్నల్ ఉన్నంతవరకు.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు మోసుకుపోండి. పైన రాతి దొనల్లో, కోనేళ్లలో నీళ్లు నిండుగా ఉంటాయి, అవి తాగడానికీ కాదు, దూకడానికీ కాదు. లోతు తెలియదు, మెట్లకు పాచి, ఎక్కి రావడానికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లకే ఈ హెచ్చరిక, రానివాళ్లు ఎలాగూ దిగరు. పొదల్లోంచి నడవాలంటే చేతుల నిండా చొక్కా వేసుకోండి. గోధుమరంగు నూగుతో చింతకాయల్లా వేలాడే దూలగొండి తగిలితే గోకకండి, గోకితే నూగు ఇంకా లోపలికి పోతుంది. ప్లాస్టర్ టేపు అంటించి లాగేసి, తర్వాత కడగండి.

మందు సీసాల గురించి వేరే చెప్పాలా?

పొద్దున ఎక్కేముందు ఊళ్లో కాసేపు ఆగండి. ఈ రోజుల్లో ఎవరో ఒక అమ్మ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చునే ఉంటుంది. ఏ పక్కనుంచి ఎక్కుతున్నారో, ఎందరున్నారో ఆమెకు చెప్పి, “మూడింటికి వస్తాం, ఒక గంప ఉంచమ్మా” అని సగం డబ్బులు చేతిలో పెట్టండి. మీరు రాకపోతే ఆమెకు గుర్తొస్తుంది. పండినవి మాత్రం అడక్కండి, రోడ్డు గతుకులకు ఇబ్రహీంపట్నం దాటకముందే గుజ్జవుతాయి. కళ్లు తెల్లబడ్డ కాయలు తెచ్చుకుని బియ్యంలో పెడితే రెండు మూడు రోజులకు మాగుతాయి.