బువ్వ మానేసినా బరువు తగ్గలేదా? ముందు సంగటి ముద్ద తూచండి

లో కార్బ్, అంటే పిండిపదార్థం తగ్గించే తిండి, మొదలుపెట్టి నెల కావస్తోంది, ముల్లు కదలడం లేదు అనేవాళ్ళలో చాలామంది అప్పటికే థైరాయిడ్ పరీక్ష చేయించుకుని ఉంటారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మీద నాలుగు వీడియోలు చూసి ఉంటారు. మూడు రోజులపాటు తిన్నదంతా కాగితం మీద రాసినవాళ్ళు మాత్రం అరుదు. ముందు అది రాయండి. బియ్యం, పిండి, పప్పు వండకముందే తూచాలి, నూనె చెంచాతో కొలవాలి. ఆ కాగితం లేకపోతే కింద చెప్పేవన్నీ ఊహలే.

అంతకంటే ముందు ఒక మాట. ఇన్సులిన్ సూది గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర 70 కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు చక్కెర అంత ఎక్కువ లేకపోయినా కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ప్రమాదకర స్థితి) రావచ్చు. డాక్టరుతో మోతాదు మార్పించుకున్నాకే మొదలుపెట్టండి. గర్భిణులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు సొంతంగా చేయకూడదు.

మొదటి వారం రెండు కిలోలు తగ్గింది, తర్వాత ఆగింది

అది ఆగడం కాదు. కాలేయం, కండరాలు కలిపి చక్కెరను గ్లైకోజెన్ రూపంలో సుమారు 400-500 గ్రాములు దాచుకుంటాయి. ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటుకుని ఉంటుంది. పిండిపదార్థం తగ్గగానే ముందు పోయేది ఇదే. కొవ్వు ఆ వేగంతో ఎప్పుడూ పోదు. రోజూ తూకం ఎక్కడం మాని, వారానికోసారి పరగడుపున బొడ్డు దగ్గర టేపుతో కొలవండి.

తలనొప్పి, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం

పిండిపదార్థంతో పాటు ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపేస్తాయి, దానితో నీరూ పోతుంది. రోజులో రెండు గ్లాసుల పల్చటి మజ్జిగలో మొత్తం అర టీస్పూను ఉప్పు కలిపి తాగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు అడగకుండా ఉప్పు పెంచకూడదు. బీపీ మాత్ర మోతాదే తగ్గించాల్సి రావచ్చు. కొండకు నడిచి వెళ్ళే మొక్కు ఉంటే ఈ మొదటి వారంలో పెట్టుకోకండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, ఉప్పు తగ్గిన ఒంటితో ఎక్కే దారి కాదు.

మూడు వారాలైనా నడుము కొలత మారలేదు

మన తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో దీనికి మొదట అనుమానించాల్సింది రాగి సంగటిని. చాలామంది బువ్వ మానేసి సంగటికి మారి, లో కార్బ్ చేస్తున్నామనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు. సంగటి తీపిగా ఉండదు, కడుపు నిండుగా ఉంచుతుంది, షుగరుకు మంచిదని ఊరంతా చెబుతుంది. రాగుల్లో పీచు ఉంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. మంచి తిండే. కానీ అదే 100 గ్రాముల పిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థం, బియ్యంలో 78. తేడా అంతే.

పైగా మన సంగటి ఉత్త రాగి కాదు. ముందు బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, దాని మీద పిండి పోసి కెలుకుతాం. ఒక ముద్దకు 60 గ్రాముల పిండి, 25 గ్రాముల బియ్యం పడిందనుకోండి. పిండి నుంచి 42, బియ్యం నుంచి 19 పైచిలుకు, అంటే ముద్దకు 60 గ్రాములు దాటింది. రెండు ముద్దలకు 120. లో కార్బ్ అంటే రోజు మొత్తానికి 130 లోపు. రాత్రి సంగటితోనే లెక్క నిండిపోతే పొద్దున ఇడ్లీ మానేసిన ఫలితం ఏముంటుంది?

కొవ్వు కణంలోని నిల్వను విడగొట్టే ఎంజైమును ఇన్సులిన్ ఆపుతుంది. చక్కెరను కండరాల్లోకి పంపడానికి చాలా ఇన్సులిన్ కావాలి గానీ ఈ తాళం వేయడానికి కొంచెం చాలు. మెత్తటి పిండి, బాగా ఉడికింది, అదీ రాత్రి ఎనిమిదికి తిన్నది. పడుకున్నాక కూడా కొన్ని గంటలు తాళం పడే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే గ్లూకోమీటరుతో చూడండి. సంగటి తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన గంటకు, రెండు గంటలకు ఒక్కోసారి. ఇంకో రోజు అదే పులుసు సంగటి లేకుండా తిని మళ్ళీ చూడండి. రెండు వరసలూ పక్కపక్కన రాస్తే వాదన అక్కర్లేదు.

సంగటి పూర్తిగా మానాల్సిన పని లేదు. గిన్నెలో పడే పిండి, బియ్యం తూచి ముద్దల సంఖ్యతో భాగించండి, మీ ఇంటి ముద్ద లెక్క తెలుస్తుంది. బియ్యం వేయకుండా మరిగే నీళ్ళలో పిండి ఒక్కటే వేసి కెలకండి. మనిషికి 30 గ్రాముల పిండి, సగం ముద్ద, 21 గ్రాముల పిండిపదార్థం. ముందు నాటుకోడి ముక్కలో గుడ్లో ఆకుకూరో సగం కడుపు తిని, ఆఖర్న సంగటి ముట్టండి. ఈ వరసలో తింటే చక్కెర అంతగా ఎగరదు. హోటల్లో అయితే ముద్ద ఇంటిదానికంటే పెద్దది, ఇద్దరు పంచుకోండి. కొర్రలు, జొన్నలు, అంబలి, మసాలా బొరుగులు, వేసవిలో మామిడి కూడా ఇదే కాగితం మీదికి రావాలి. తిరుమల లడ్డూ వద్దనడం ఎవరివల్లా కాదు, ఆ అవసరమూ లేదు. కళ్ళకద్దుకుని చిటికెడు తీసుకుని మిగతాది పంచిపెట్టండి.

సంగటి తగ్గించాం, అయినా అంతే

అయితే చెనక్కాయలు, నెయ్యి చూడండి. ఇన్సులిన్ తగ్గడంతోనే ఒంటి కొవ్వు పోదు. కణంలోంచి బయటికొచ్చిన కొవ్వు ఖర్చు కావాలి. ఆ ఖర్చుకు పళ్ళెంలో వేసుకున్న నెయ్యే సరిపోతే వచ్చింది వచ్చినట్టే లోపలికి తిరిగిపోతుంది. మూత్రం పరీక్షించే పుల్ల మీద కీటోన్ (కొవ్వు కరిగితే పుట్టే పదార్థం) రంగు కనబడుతున్నా అది తిన్న కొవ్వుది కావచ్చు. గుప్పెడు, అంటే 30 గ్రాముల చెనక్కాయలు 170 కేలరీలు. పెద్ద చెంచా నూనె 120. ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) నాలుగు చెంచాలు వేసుకునేవాళ్ళు దాన్నీ తూచాలి.

ఆకలి ఆగడం లేదు, నెలసరి తప్పింది

బరువు తగ్గేకొద్దీ ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ హార్మోను పడిపోయి ఆకలి పెరుగుతుంది. తిండి మరీ తగ్గిస్తే థైరాయిడ్ హార్మోను టీ3 కూడా తగ్గుతుంది, ఒళ్ళు చల్లబడినట్టు ఉంటుంది. ప్రతి పూటా గుడ్లు, కోడి, చేప, పన్నీరులో ఒకటి ఉండేలా చూసుకోండి. నెలసరి తప్పితే తిండి పెంచి డాక్టరును కలవండి.

ఇక థైరాయిడ్, కార్టిసాల్

థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ ఒక్కసారి చూపిస్తే చాలు. కార్టిసాల్ మితిమీరే కుషింగ్స్ జబ్బు చాలా అరుదు. కీళ్ళకో ఆస్తమాకో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వాటిని సొంతంగా మాత్రం ఆపకండి.