చివరి సైకిల్‌ నుంచి లెక్క మొదలు: హైదరాబాద్‌లో సేవా సైకిల్ రైడ్ నిర్వహించడం ఎలా

సేవ కోసమో సరదా కోసమో నూటయాభై మందితో సైకిల్ రైడ్ పెట్టాలనుకున్నప్పుడు అందరి ఆలోచనా ముందు వరుస చుట్టూనే తిరుగుతుంది. జెండా ఊపేదెవరు, ఫొటోలెక్కడ, టీషర్టు ఏ రంగు? ఇబ్బందులన్నీ పుట్టేది మాత్రం వెనక వరుసలో. గేర్లు లేని సైకిల్ మీద పదమూడేళ్ల పిల్లాడో, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కిన పెద్దావిడో ఆఖరున వచ్చేసరికి కూడలిలో వాలంటీరు ఉండడు, నీళ్ల క్యాను ఖాళీ అయి ఉంటుంది, ఇడ్లీలోకి చట్నీ మిగలదు, ఎండ నెత్తికెక్కి ఉంటుంది. దారి, టైము, నీళ్లు, మనుషులు, ఏ లెక్కయినా ఆ చివరి మనిషి దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడి లెక్కలన్నీ 150 మంది, 25 కిలోమీటర్ల రైడ్‌కు వేసినవి.

ముందు గడియారం

నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగం గంటకు 12 కిలోమీటర్లు అనుకోండి. అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. బ్రెవే అనే టైము హద్దున్న సుదూర సైకిల్ రైడ్‌లకు అలవాటుపడినవాళ్లకే 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు, అంటే ఆగే సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపే. 12 చొప్పున 25 కిలోమీటర్లకు 2 గంటల 5 నిమిషాలు, నీళ్ల దగ్గర 15 నిమిషాలు, మొత్తం 2 గంటల 20 నిమిషాలు. ఫిబ్రవరిలో పొద్దున 6:30కి బయలుదేరితే 8:50కి చేరతారు. అదే మే నెలలోనైతే ఆ టైముకు రోడ్డు కాలిపోతుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం కాబట్టి ఆ రోజే పెట్టాలని చాలామందికి ఉంటుంది. మన దగ్గర అది వేసవి పూర్తిగా పోని, వాన ఇంకా నిలకడగా రాని సమయం. ఆ రోజు పెట్టేటట్టయితే 10 కిలోమీటర్లకు కుదించి, 5:45కల్లా బయలుదేరదీయండి.

జనవరిలో సూర్యోదయం 6:45 దాటుతుంది. 6:30కి ముందు బయలుదేరితే ప్రతి సైకిల్‌కూ ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఇంకో సంగతి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడటం నిబంధనలకు విరుద్ధం. సూచనలు మైకులో చెప్పాలనుకుంటే 6 దాటాక పెట్టుకోండి.

25 మందికి ఒక బ్యాచ్ చొప్పున 3 నిమిషాల తేడాతో ఆరు బ్యాచ్‌లు పంపితే మొదటిదానికీ చివరిదానికీ మధ్య 15 నిమిషాలు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, వేగంగా తొక్కేవాళ్లను ముందు పంపుతారు. 20వ కిలోమీటరు దగ్గర కూడలిని తీసుకోండి. గంటకు 25 కిలోమీటర్లు తొక్కేవాళ్లు ముందు వెళ్తే అక్కడికి 7:18కి వస్తారు, వెనక బయలుదేరిన నిదానపు బ్యాచ్ నీళ్ల దగ్గర ఆగే సమయంతో కలిపి 8:40కి వస్తుంది. అంటే వాలంటీరు 82 నిమిషాలు కాపలా ఉండాలి. నిదానంగా తొక్కేవాళ్లను ముందు పంపితే వాళ్లు 8:25కి దాటిపోతారు, వేగంగా తొక్కేవాళ్లు 7:33కి మొదలవుతారు. కాపలా 52 నిమిషాలకు తగ్గుతుంది. పోలీసులను అడిగే సమయం కూడా అంత తగ్గుతుంది. దాటి వెళ్లాల్సిన వేగం రైడర్లకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: బెల్లు కొట్టి, కుడి పక్కనుంచే దాటాలి, ఎడమ సందులోంచి దూరకూడదు.

దారి

మనం ఎడమ పక్క నడిచేవాళ్లం కాబట్టి అన్నీ ఎడమ మలుపులే ఉండే దారి మంచిది. ఎదురొచ్చే ట్రాఫిక్‌ను కోసుకుని వెళ్లే పని ఉండదు. హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరగాలంటే చెరువు ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపు ఉండాలి: నెక్లెస్ రోడ్డు మీద ఖైరతాబాద్ వైపు దిగి, ఎన్టీఆర్ మార్గ్, ట్యాంక్‌బండ్ మీదుగా సంజీవయ్య పార్కు వైపు. అదే చెరువును కుడి పక్క పెట్టుకుంటే ప్రతి మలుపులోనూ కుడికి తిరగాల్సి వస్తుంది.

పిల్లలు, మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువుంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌కు మించింది లేదు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి. నీడ ఉంది, బండ్లు రావు. కాకపోతే రోజూ వచ్చేవాళ్లు రెండు వైపులా తిరుగుతుంటారు కాబట్టి అక్కడ పందెం పెట్టకూడదు, బ్యాచ్‌ను 15 మందికి తగ్గించాలి. ఔటర్ రింగ్ రోడ్డు అసలు మార్గం మీదికి సైకిళ్లను రానివ్వరు, దారి గీసేటప్పుడు సర్వీసు రోడ్డునే చూపించండి.

గండిపేట, మొయినాబాద్ వైపు దారి అందంగా ఉంటుంది కానీ శుక్రవారం నుంచి ఆదివారం దాకా చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే బండ్లు పెరుగుతాయి. ఆ వైపు పెట్టేటట్టయితే తిరుగు ప్రయాణం 8 గంటల లోపే ఉండేలా చూసుకోండి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఆదివారం పొద్దున వెడల్పుగా, ఖాళీగా ఉంటాయి. ఖాళీ కాబట్టే కార్లు వేగంగా వస్తాయి. అందుకే అక్కడ కూడలికి ఇద్దరు వాలంటీర్లు కావాలి.

దారిని మ్యాపులో చూసి ఖాయం చేయొద్దు. రైడ్ ఆదివారమైతే రెండు వారాల ముందటి ఆదివారమే, అదే టైముకు సైకిల్ మీదే తిరగండి, కారులో కాదు. రాయాల్సినవి: రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, చక్రం దూరేంత సందున్న డ్రైనేజీ జాలీలు, తవ్వి వదిలేసిన కేబుల్ గుంతలు, నీళ్ల ట్యాంకర్లు నింపే చోట ఎప్పుడూ తడిగా ఉండే రోడ్డు, కుక్కల గుంపు తిరిగే మలుపు, రాంగ్ రూట్‌లో బైకులొచ్చే యూటర్న్. రైడ్‌కు ముందు రోజు మళ్లీ ఒకసారి తిరగాలి. మన నగరంలో ఒక్క రాత్రిలో కొత్త గుంత పడుతుంది.

బాణం గుర్తులకు ముగ్గు పిండి చాలు. అట్టముక్కలో బాణం ఆకారం కోసి, దాని మీద పలచగా చల్లండి. మందంగా పోస్తే చక్రం జారుతుంది. మలుపుకు 30 మీటర్ల ముందు ఒకటి, మలుపు దగ్గర ఒకటి, మలుపు తిరిగాక 50 మీటర్లకు ఒకటి. ఆ మూడోదాన్ని మానేస్తేనే జనం దారి తప్పుతారు, తిరిగింది సరైన రోడ్డో కాదో తెలియదు కాబట్టి. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేస్తారు, ముందు రోజు సాయంత్రం వేసిన ముగ్గు మిగలదు. ఊడ్చాకే వేయండి.

అనుమతులు

హుస్సేన్‌సాగర్ చుట్టూ అయితే హైదరాబాద్ పోలీస్ కమిషనరేట్, గచ్చిబౌలి, నార్సింగి వైపయితే సైబరాబాద్. దారి రెండు పరిధుల్లోకి వస్తే ఇద్దరికీ అర్జీ పెట్టాలి. శాంతిభద్రతల విభాగానికీ ట్రాఫిక్ విభాగానికీ వేర్వేరు కాపీలు ఇవ్వండి. ఆరు వారాల ముందు మొదలుపెడితే తొందర ఉండదు. సైకిల్ ట్రాక్ అయితే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థను (హెచ్‌ఎండీఏ) కూడా అడగాలి.

"రోడ్డు మూసేయండి" అని అడిగితే కాదంటారు. "ఫలానా మూడు కూడళ్లలో ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, బ్యాచ్ వచ్చినప్పుడు అర నిమిషం ట్రాఫిక్ ఆపండి" అని టైముతో రాసిస్తే వినేవాళ్లుంటారు. పైన వేసిన గడియారం లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది. దాన్నే పట్టికగా అర్జీకి జతచేయండి. దాంతోపాటు మ్యాపు, మనుషుల సంఖ్య, వెంట వచ్చే బండ్ల నంబర్లు, అంబులెన్స్ వివరం, బాధ్యుల ఫోన్ నంబర్లు రెండు.

డబ్బు

ప్రవేశ రుసుమునూ విరాళాన్నీ ఒకే మొత్తంగా కలపొద్దు. రుసుముకు బదులు టిఫిను, రైడర్ నంబరు కాగితం, నీళ్లు ఇస్తున్నారు, అది విరాళం కాదు. విరాళం నేరుగా ట్రస్టు ఖాతాలోకే వెళ్లాలి, నిర్వాహకుల సొంత ఫోన్ పే, గూగుల్ పేలోకి కాదు. ట్రస్టు క్యూఆర్ కోడ్‌ను నంబరు కాగితం మీద అచ్చు వేయిస్తే ఇంట్లో బంధువులు కూడా స్కాన్ చేస్తారు.

విరాళాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే 80జీ మినహాయింపు ఉందని చెప్పేముందు ట్రస్టు రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుబాటులో ఉందో చూడండి. దాత పాన్ నంబరు, పాన్ మీద ఉన్నట్టే పేరు తీసుకోవాలి. 2,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఆ విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ మినహాయింపు ఎలాగూ లేదు, వాళ్లకు ఆశ పెట్టొద్దు. విదేశీ పౌరసత్వం తీసుకున్న చుట్టాలు పంపే డబ్బుకు ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, లేకపోతే తీసుకోకూడదు.

"కిలోమీటరుకు 10 రూపాయలు" లాంటి హామీలు బాగుంటాయి కానీ రైడ్ అయ్యాక వసూలు కావడం కష్టం. మొత్తం దూరానికి ముందే కట్టించుకోండి. ప్రవేశం పూర్తిగా ఉచితం పెట్టినా ఇబ్బందే. పేరిచ్చినవాళ్లు నిద్ర లేవరు, ఇడ్లీలు మిగులుతాయి. టీషర్టుల విషయంలో మా మాట సూటిగా చెబుతాం: మానేయండి. ఆ డబ్బుతో అంబులెన్స్, చెడిపోయిన సైకిళ్లను ఎక్కించుకుంటూ వెనక వచ్చే టాటా ఏస్ బండి రెండూ పెట్టుకోవచ్చు.

బయలుదేరే చోట తనిఖీ

సైకిల్‌కు 20 సెకన్లు చాలు. ముగ్గురు చూస్తే 150 సైకిళ్లు 17 నిమిషాల్లో అయిపోతాయి. ముందు చక్రం పైకెత్తి అరచేత్తో ఒక దెబ్బ వేయండి, కదిలితే చక్రం బిగించే లీవరు వదులుగా ఉందన్నమాట. కారులో తెచ్చిన సైకిళ్లలో ఇది మామూలుగా దొరికే లోపం, చాలా ప్రమాదకరమైనది కూడా. చక్రం మళ్లీ బిగించినవాళ్లు బ్రేకు తీగ తిరిగి తగిలించడం మర్చిపోతారు, రెండు బ్రేకులూ నొక్కి చూడండి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పండి, తిరిగితే బిగించాలి. టైరును బొటనవేలితో నొక్కండి. సన్నటి 28 ఎంఎం రోడ్ బైక్ టైరుకు 70 నుంచి 80 పీఎస్ఐ, 35 ఎంఎం హైబ్రిడ్‌కు 50 నుంచి 65, ఎంటీబీ (మౌంటెన్ బైక్) లావు టైరుకు 30 నుంచి 40 గాలి సరిపోతుంది. సన్న వాల్వ్ ఉన్న ట్యూబులకు మామూలు పంక్చర్ షాపు పంపు పట్టదు, మెకానిక్ దగ్గర అడాప్టర్లు రెండుండాలి. ఊరి బయటి రోడ్ల మీద తుమ్మముళ్లు ఎక్కువ. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో తడిమి ముల్లు తీయకపోతే కొత్త ట్యూబు కూడా వంద మీటర్లలోనే పోతుంది.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక్క వేలే దూరాలి. నెత్తి వెనక్కి జారిపోయిన హెల్మెట్ నుదుటిని కాపాడలేదు. హెల్మెట్ లేనివాళ్లను, ఎంత తెలిసినవాళ్లైనా, పంపకూడదు.

రోడ్డు మీద

పన్నెండు మందికి వాళ్లతోపాటు తొక్కుతూ చూసుకునే ఒక మార్షల్, ప్రతి కూడలికీ ఒక వాలంటీరు, అన్నింటికీ ముందు ఒకరు, అందరికీ వెనక ఇద్దరు. వెనకవాళ్లు చివరి రైడర్‌ను ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. కూడలి వాలంటీరు వెనకవాళ్లను కళ్లతో చూశాకే కదలాలి. టాటా ఏస్‌లో సైకిళ్ల మధ్య పాత దుప్పట్లు వేసుకుంటే ఎనిమిది, పది సైకిళ్లు నిలబడతాయి.

గుంపులో పడిపోవడానికి ముఖ్య కారణం ముందువాళ్ల వెనక చక్రం పక్కకు మన ముందు చక్రం వెళ్లడం. ముందువాళ్లు కాస్త పక్కకు జరిగినా మనం పడతాం. కొత్తవాళ్ల మధ్య ఒక సైకిల్ పొడవు ఖాళీ ఉంచండి. "గుంత!", "బ్రేకర్!", "ఆగుతున్నా!" అని ముందువాళ్లు అరవాలి, వెనకవాళ్లు అందుకుని మళ్లీ అరవాలి.

నీళ్లు సగం దారిలో మనిషికి 400 మిల్లీలీటర్ల చొప్పున 60 లీటర్లు, అంటే మూడు 20 లీటర్ల క్యాన్లు. ఐదు పెట్టండి, వాటిలో ఒకదానికి ముట్టుకోవద్దని కాగితం అంటించి ఆఖరి బ్యాచ్‌కు దాచండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకే కలపాలి, గ్లాసులో కలపకూడదు. ఉప్పేసిన మజ్జిగ చివర్లో ఇవ్వండి, మధ్యలో వద్దు. టిఫిన్లలో 40 ప్లేట్లు చట్నీతో సహా పక్కన పెట్టించండి.

పడినవాళ్లు భుజం పట్టుకుని చెయ్యి ఎత్తలేకపోతే కాలర్ బోన్ విరిగి ఉండవచ్చు, జోలె కట్టి పంపండి. తల తగిలినవాళ్లు "నాకేం కాలేదు" అన్నా మళ్లీ సైకిలెక్కించవద్దు, ఆసుపత్రికి పంపండి.

పందెం పెట్టాలనుకుంటే

రైడ్, పందెం ఒకే రోడ్డు మీద ఒకే టైములో పెట్టకూడదు. అందరూ ఒకేసారి దూసుకెళ్లే పందెం కన్నా, ట్రాఫిక్ పూర్తిగా ఆపిన రోడ్డు మీద ఒక్కొక్కరినీ 30 సెకన్ల తేడాతో పంపే టైమ్ ట్రయల్ మేలు. 60 మంది అరగంటలో బయలుదేరిపోతారు. బాగా తొక్కేవాళ్లను ముందు పంపితే దాటడాలు తక్కువుంటాయి. ముగింపు గీత దగ్గర ఇద్దరు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, నంబరూ గడియారం టైమూ రాయాలి. తర్వాత పోల్చుకుంటే తగాదా ఉండదు. గేర్లు లేని సైకిళ్లకు వేరే విభాగం, వేరే బహుమతి తప్పకుండా పెట్టండి.

టిఫిన్ల వేళ మన బడి ఆటల్లో ఉండే నిదానపు సైకిల్ పందెం పెడితే చిన్నా పెద్దా అందరూ దిగుతారు. 25 మీటర్ల దూరం, మనిషికి మీటరు వెడల్పు గీత. కాలు నేలకు ఆనినా, గీత దాటినా అవుట్. ఆఖరున చేరినవాళ్లే విజేత.

నంబర్లు కొట్టేయడం

బయలుదేరినప్పుడు రాసుకున్న నంబర్లనూ చేరినవాళ్ల నంబర్లనూ ఒక్కొక్కటిగా కొట్టేయండి. మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. ఒక్క నంబరు మిగిలినా ఫోన్ చేసి మనిషి గొంతు వినాలి. ఫోన్ ఎత్తకపోతే వెనక బండి చివరి కూడలి నుంచి మళ్లీ బయలుదేరాలి. 150కి 150 సరిపోయాకే అంబులెన్స్‌నూ వాలంటీర్లనూ పంపించండి.