చేపలా, అడవా? బైపీసీ తర్వాత ఈ చదువుల్లోకి వెళ్లాలనుకునే వాళ్లకి

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో వైల్డ్‌లైఫ్, ఫిషరీస్ ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి. మన దగ్గర అలా కాదు, ఇంటర్ అయిన వెంటనే దారులు విడిపోతాయి. కాబట్టి చేపల్ని పెంచే పని ఇష్టమా, లేక అడవి జంతువులు ఎన్ని ఉన్నాయో, ఎలా బతుకుతున్నాయో చూసే పని ఇష్టమా అన్నది ఫారం నింపే ముందే తేల్చుకోండి.

చేపలైతే బీఎఫ్‌ఎస్‌సీ (బ్యాచిలర్ ఆఫ్ ఫిషరీ సైన్స్), నాలుగేళ్లు. ఆంధ్రాలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ 1991 నుంచీ ఉంది, తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది. సీటు ఎంసెట్ బైపీసీ ర్యాంకు మీద ఇస్తారు (పేరు ఈఏపీసెట్ అని మారింది గానీ ఇంట్లో అందరికీ అది ఇంకా ఎంసెటే). సీయూఈటీ (దేశమంతటికీ కలిపి పెట్టే ప్రవేశ పరీక్ష) కూడా రాయండి, ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటాలో మంగళూరు లాంటి బయటి రాష్ట్రాల కాలేజీలకూ దారి దొరుకుతుంది. ఒక హెచ్చరిక: డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఆక్వాకల్చర్ చేసినా ఒకటే అని ఎవరైనా చెబితే నమ్మకండి. రేపు ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఎంఎఫ్‌ఎస్‌సీ (ఫిషరీస్‌లో పీజీ) చేయాలంటే బీఎఫ్‌ఎస్‌సీనే అడుగుతారు.

చేరాక మొదటి ఏడాదే చేపల్ని చేతిలోకి తీసుకుని చూడటం అలవాటు చేసుకోండి, పుస్తకంలో బొమ్మతో రాదు. నోరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బొచ్చెకి (కట్లా) తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో తింటుంది. శీలావతికి (రోహు) కింది పెదవి అంచు కుచ్చుల్లా ఉంటుంది, మధ్య నీళ్లలో తింటుంది, ఎర్రమోసు (మృగాల) అడుగున వెతుక్కుంటుంది. ఈ మూడింటినీ ఒకే చెరువులో ఎందుకు వేస్తారో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్ల ప్రాక్టికల్‌ని మాత్రం రికార్డు కోసం చేసి వదిలేయకండి. ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతిలో సీసా నింపేటప్పుడు ఒక్క బుడగ లోపల మిగిలినా రీడింగ్ పోయినట్టే. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ పోశాక గోధుమ రంగు మడ్డి కడితే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టు. అదే చెరువులో మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తీసి చూడండి. రాత్రంతా చేపలతో పాటు నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది కాబట్టి తెల్లవారేసరికి అది బాగా పడిపోతుంది, రైతులు రాత్రిళ్లు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుతూ టెన్షన్ పడేది అందుకే.

ఇక అడవి వైపు. ఇంటర్ కాగానే చేరడానికి మన దగ్గర అచ్చంగా వైల్డ్‌లైఫ్ డిగ్రీ అంటూ పెద్దగా లేదు. బీఎస్సీ జువాలజీ గానీ, సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ గానీ చేసి, ఆ తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కో ఎమ్మెస్సీకి వెళ్లాలి. వీటికి ప్రతి ఏడాదీ నోటిఫికేషన్ వస్తుందని అనుకోకండి, ఓ కన్నేసి ఉంచాలి. ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) ఆలోచన ఉంటే ఏయే డిగ్రీల వాళ్లు రాయొచ్చో ఆ లిస్టు ఇప్పుడే చదవండి, డిగ్రీ అయ్యాక కాదు.

రెండు వైపులా పిల్లలు భయపడేది స్టాటిస్టిక్స్‌కి. ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒక డబ్బాలో ఎన్నున్నాయో తెలియని శనగలు పోసి, 50 తీసి ఇంకు చుక్క పెట్టి, మళ్లీ వేసి బాగా కలపండి. ఈసారి 40 తీస్తే వాటిలో చుక్కవి 10 వచ్చాయనుకోండి, అంటే నాలుగో వంతు. మీరు చుక్క పెట్టిన 50 మొత్తంలో నాలుగో వంతు అన్నమాట, సుమారు 200 గింజలు. చెరువులో చేపల్ని అంచనా వేసేదీ ఇలాగే, కెమెరా ట్రాప్‌లతో (జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) పులుల్ని అంచనా వేయడానికీ మూలం ఇదే. తేడా ఏంటంటే పులికి చుక్క పెట్టే పని లేదు, చారలే గుర్తు. ఇది పట్టుబడ్డాక ఈ లెక్కలు చేసే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఉచితమే.

ప్రాజెక్టుకి టాపిక్ దొరక్కపోతే కొల్లేరు వెళ్లండి. 1999లో అభయారణ్యం అయింది, 2006లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆ గొడవ ఇంకా ఆరలేదు. ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్లని) లెక్కపెట్టి, పక్కనే కైకలూరు వైపు చెరువు గట్టెక్కి ఆ పక్షుల గురించి రైతుని అడగండి. కాకపోతే ముందు ఆయన మేత ధరల గురించి చెప్పేదంతా వినాలి.