గాలి కరెంటు విధానం, లెక్కలతో – 4వ పాఠం: మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు

పోయిన పాఠం లెక్కలో ఎక్కువమంది ఒకేచోట తప్పారు. 2022 నాటికి 1,75,000 మెగావాట్ల పునరుత్పాదక (గాలి, సోలార్ వంటి) సామర్థ్యమన్న జాతీయ లక్ష్యంలో గాలిది 60,000 కాబట్టి, అందులోంచి వచ్చే కరెంటులో 34 శాతం గాలిదేనని రాశారు. భాగహారం సరిగ్గానే ఉంది. వచ్చింది మాత్రం గాలిమరల సామర్థ్యంలో వాటా, కరెంటులో వాటా కాదు. ముందు ఇది తేలాలి.

మీ కరెంటు బిల్లు తీయండి. లోడ్ 3 కిలోవాట్లు, నెల వాడకం 200 యూనిట్లు అనుకుందాం. ఒక కిలోవాటు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. నెలలోని 720 గంటలూ లోడంతా వాడితే 2,160 యూనిట్లయ్యేవి. మీరు వాడింది 9 శాతం పైచిలుకు. లోడ్ చూసి బిల్లు ఎంతొస్తుందో ఎవరూ చెప్పరు కదా! మెగావాట్లు చూసి కరెంటు చెప్పడమూ అంతే. గాలిమర ఏడాదిలో ఇచ్చినదానికి కట్టే ఇలాంటి శాతాన్నే సీయూఎఫ్ (సామర్థ్యంలో వాడకంలోకి వచ్చిన వంతు) అంటారు.

ఒక మెగావాటు, అంటే 1,000 కిలోవాట్లు, ఏడాదిలోని 8,760 గంటలూ ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు. ఈ ఒక్క అంకె కంఠతా పట్టండి. గిగావాట్ అవర్ల (పది లక్షల యూనిట్ల కొలత) జోలికి నేను వెళ్లను, లక్షల్లో వేస్తే సున్నాలు జారవు. గాలికి సీయూఎఫ్ 25 శాతం వేసుకుంటే 21.9 లక్షలు, సోలార్‌కు 20 శాతం వేసుకుంటే 17.52 లక్షలు. అదే లక్ష్యంలో సోలార్ 1,00,000 మెగావాట్లు. మెగావాట్లలో గాలి సోలార్‌లో 60 శాతమే. యూనిట్లలో గాలిది 13,140 కోట్లు, సోలార్‌ది 17,520 కోట్లు, అంటే 75 శాతం.

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం గాలి చూసి ఇక్కడే మరలు పెట్టొచ్చుగా అంటారు. పగటి ఎండకు పుట్టే ఆ గాలి రాత్రికి చల్లారుతుంది. వేగం సగమైతే గాలిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలి వేగంగా వీచే చోటు కావాలి కాబట్టే అనంతపురం వైపు రామగిరి కొండల్లో మరలు వెలిశాయి. అక్కడైనా అసలు పంట నైరుతి రుతుపవనాల నెలల్లోనే.

గాలిని, సోలార్‌ను కలిపి కరెంటు తీసే ప్రాజెక్టులకు కేంద్రం తెచ్చిన 2018 హైబ్రిడ్ విధానం ప్రకారం గాలి, సోలార్‌లలో ఒకటి రెండోదాని సామర్థ్యంలో కనీసం 25 శాతం ఉండాలి. ఇదీ మెగావాట్ల లెక్కే, జాగ్రత్త.

అభ్యాసం: 100 మెగావాట్ల సోలార్‌కు 25 మెగావాట్ల గాలి కలిపితే, యూనిట్లలో గాలి సోలార్‌లో ఎంత శాతం? తర్వాత మీ 12 నెలల బిల్లులు తీసి ఏ నెలకు ఆ నెల, లోడంతా వాడితే అయ్యేదానిలో మీ వాడకం ఎంత శాతమో కట్టండి. చివరిగా, ఒక మెగావాటు గాలిమర ఏడాది యూనిట్లలో 60 శాతం జూన్–సెప్టెంబరులో, మిగతాది ఎనిమిది నెలలకూ సమానంగా వస్తుందనుకుని, జనవరిలో మీలాంటి ఇళ్లు ఎన్నింటికి సరిపోతుందో తేల్చండి. నెలకు 200 యూనిట్ల ఇల్లయితే జవాబు 547.