ఉప్పునీటి చేపలకు తెల్లచుక్కలు: టబ్బులు మార్చి తగ్గించుకున్న తీరు

తిరుపతిలో మా ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో రెండు క్లౌన్ చేపలకు ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. రాళ్లకు ఒళ్లు రుద్దుకునేవి. వెల్లుల్లి మేత, మంచినీళ్లలో ముంచడం, నీటి వేడి పెంచడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది టబ్బులు మార్చడం. ఈ క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి చేప మీద కొన్నాళ్లుండి రాలిపోతుంది, అడుగున గూడు కట్టుకుని, పిల్లలతో పగిలి మళ్లీ చేపను వెతుక్కుంటుంది. ఆ గూడు పగిలేలోపు చేపను అక్కణ్ణించి తప్పించాలి.

రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక్కోదానికి వేరే ఎయిర్ స్టోన్ (నీళ్లలో గాలి బుడగలు వదిలే రాయి), దాక్కోడానికి పీవీసీ పైపు ముక్క పెట్టాను. ఆర్వో నీళ్లలో ఉప్పు ముందురోజే కలిపి, సాంద్రత 1.025 దగ్గర, వేడి రెండింటిలోనూ ఒకేలా ఉండేట్టు చూశాను. 72 గంటలు దాటకుండా చేపల్ని రెండో టబ్బులోకి మార్చాను, పాత నీళ్లు వాటితో పోకుండా. ఖాళీ అయినదాన్ని, అందులోని సామానంతా కడిగి మేడమీద ఎండలో పెట్టాను. మన ఎండలకు చెమ్మ మిగల్లేదు; అసలు కీలకం ఈ ఆరబెట్టడమే అనుకుంటాను. ఇలా నాలుగు మార్పులు, 12 రోజులు.

పెద్ద తొట్టిని, అంటే అసలు అక్వేరియాన్ని మాత్రం, అందులో మిగిలిన పరాన్నజీవి చేప దొరక్క చచ్చిపోయేలా 76 రోజులు చేపల్లేకుండా ఉంచాను. పగడాలు, నత్తలు అందులోనే ఉన్నాయి.

ఇది నా రెండు చేపల అనుభవం. వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బుకు ఈ పద్ధతిని నమ్ముకోవద్దు, అది చాలా వేగంగా చంపుతుంది. ఇప్పుడు కొత్త చేప ఏది తెచ్చినా ముందు ఈ టబ్బుల్లోకే.